సాయిబయ్యవారు లేకపోతే జరగని బడి

ఇంగ్లీషు మాట ఏదైనా సరే, దాన్ని నేర్చుకోవడానికి మూడు మెట్లు ఎక్కాలని ఫకీర్ సాహెబ్ పదిహేనేళ్ళు చెప్పాడు. మొదటి మెట్టు మాట, రెండోది అర్థం, మూడోది వాడుక. మాట నాలుగుసార్లు పలికితే నోటికి పడుతుంది. అర్థం నిఘంటువులో దొరుకుతుంది. వాడుక దగ్గరే అందరూ బోల్తా పడతారు కాబట్టి, వాడుక నేర్పనివాడు అయ్యవారే కాదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నూటికి నూరుపాళ్ళు వంటబట్టించుకున్న శిష్యుడు ఆయనకు ఒక్కడే దొరికాడు. ఆ శిష్యుడి వయసు యాభై రెండేళ్ళు. ఆ ఒక్కడూ దొరక్కపోయి ఉంటే సాహెబ్ బతుకు ఇంకోరకంగా ఉండేది.

పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దారిలో కొత్తమేడిపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో మీద వీధి, కింద వీధి అని రెండు వీధులు, రెండు పార్టీలు, రెండు మంచినీళ్ళ బావులు, రెండు కాఫీ హోటళ్ళు ఉండేవి. హైస్కూలు మాత్రం ఒకటే. న్యాయంగా అదీ రెండు ఉండాల్సిందే, కానీ సర్కారుకు అంత పెద్ద మనసు లేక ఒకటే ఇచ్చి చేతులు దులుపుకుంది. ఆ ఒక్క బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు ఫకీర్ సాహెబ్. ఊళ్ళో అందరూ ఆయన్ను సాయిబయ్యవారు అనేవాళ్ళు.

ఆయనది జమ్మలమడుగు. తండ్రి కమాల్ బాషా బండి చక్రాలకు ఇనుప పట్టాలు తొడిగేవాడు. కొడుకు చేతికి సుత్తి ఇస్తే వేలు కొట్టుకున్నాడు, పుస్తకం ఇస్తే వదల్లేదు. చదువయ్యాక చాలా ఏళ్ళు ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లులో ఇంగ్లీషు ఉత్తరాలు రాశాడు. అక్కడే, బజారులో ఒక పకోడీల బండి ముందు, ఆయనకు జీవితకాలపు తోడు దొరికింది. పకోడీలవాడు ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువును వెనక నుంచి ఒక్కో పుటా చించి పొట్లాలు కడుతున్నాడు. సాహెబ్ ప్రాణం పోయినంత పనై, మిగిలిన పుస్తకాన్ని ఉన్నపళంగా కొనేశాడు. అప్పటికి అది 'టైగర్' దగ్గర ఆగి ఉంది. ఆ తర్వాతి మాటలన్నీ, ట్రాన్స్‌ఫర్, యూనిటీ, విక్టరీ, విజ్డమ్ అన్నీ, కారం ఉప్పు అంటుకుని ప్రొద్దుటూరు జనం చేతుల్లోకి పోయాయి. కొత్తమేడిపల్లె ఆ నాలుగు మాటలూ ఎందుకు నేర్చుకోలేదని ఎవరైనా అడిగితే, తప్పు సాహెబ్‌ది కాదు, పకోడీలవాడిది.

ట్రైనింగు చేసి ఆయన ఆ బడికి వచ్చింది ఆంధ్ర రాష్ట్రం పుట్టిన నెలలోనే. చేరిన మూడో రోజు నుంచి బడి వరండాలో నల్లబల్ల మీద రోజుకో మాట రాసేవాడు. పైన మాట, కింద తెలుగులో అర్థం, దాని కింద వాడుక. మొదట్లో వాడుకలు నిఘంటువులోవే రాశాడు. వాటి నిండా మంచు కురిసేది, దొరగారికి బట్లర్ టీ తెచ్చేవాడు, పొగమంచులో పడవ తప్పిపోయేది. పిల్లలు మంచు చూడలేదు. బట్లర్‌ను చూసినవాడు తాలూకా మొత్తంలో లేడు. పడవ అంటే అదీ తెలియదు, ఆ సీమలో నీళ్ళుంటే కదా. నెల తిరక్కముందే సాహెబ్ బట్లర్‌ను ఇంటికి పంపి బర్రెను తెచ్చాడు. 'రిలక్టెంట్: కింద వీధి బర్రె మీద వీధి బావి వైపు పోవడానికి రిలక్టెంట్‌గా ఉంది.' 'పంక్చువల్: మన ఊరి బస్సు పంక్చువల్ కాదు.' ఇంకేం, పిల్లలతో పాటు పెద్దలూ చేలకు పోతూ పోతూ వరండా ముందు ఆగి, "ఈ పొద్దు మాటేంది అయ్యవారూ" అని అడగడం మొదలుపెట్టారు. చదువు రానివాళ్ళు కూడా చదివించుకుని, తల ఊపి, చేలకు పోయేవాళ్ళు.

అంతా బాగానే ఉంది. బాగాలేనిది ఒక్కటే. ఆయన పెళ్ళాం షరీఫా జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. ఆ పని వదులుకుని రాలేదు, ఆ పని కొత్తమేడిపల్లెలో లేదు. కాబట్టి కాపురం బస్సుల్లో జరిగేది. శనివారం బడి వదిలాక పులివెందులకు ఒక బస్సు, అక్కడి నుంచి ముద్దనూరుకు ఒకటి, అక్కడి నుంచి జమ్మలమడుగుకు ఇంకొకటి. పెన్నకు నీళ్ళు వచ్చిన వారం ఆయన ఈ ఒడ్డున నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న సొంత ఊరిని చూసి, తిరుగు బస్సు ఎక్కేవాడు. కూతురు మున్నీ తండ్రిని ఆదివారాల్లోనే చూసి పెరిగింది. నాలుగేళ్ళ వయసులో పక్కింటివాళ్ళు మీ నాయన ఎవరే అని అడిగితే 'ఇత్వార్ అబ్బా' అన్నదట, ఆదివారం నాయన అని. అందరూ నవ్వారు. సాహెబ్ కూడా నవ్వి, పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాడు.

ఏటా బదిలీకి అర్జీ పెట్టేవాడు. ఏటా జమ్మలమడుగులో ఖాళీ లేదని జవాబు వచ్చేది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు బదిలీ అయింది. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాయి. కదలనిది సాహెబ్ ఒక్కడే. చివరికి అరవై ఒకటో సంవత్సరం వేసవిలో అక్కడి ఇంగ్లీషు అయ్యవారు రిటైరై ఖాళీ ఏర్పడింది. కడప వాళ్ళూ ఇస్తామన్నారు. దేవుడు వరమిచ్చాడు, ఇక పూజారి మిగిలాడు. సాహెబ్‌ను వదిలిపెట్టడానికి తమకు అభ్యంతరం లేదని ఇక్కడి సమితి ప్రెసిడెంటు ఒక్క ముక్క రాసివ్వాలి. ఆ ప్రెసిడెంటు కొత్తమేడిపల్లె మీద వీధి పెద్ద, నారపురెడ్డి.

నారపురెడ్డి చెడ్డవాడేమీ కాదు. మంచివాడని కూడా ఎవరూ ఆరోపించలేదు. సమితికి కొత్తగా ఇచ్చిన జీపులో, ఇంటి నుంచి రెండు ఫర్లాంగులున్న చేనికి కూడా పోయేవాడు. ఆ జూన్ నెలలో ఒక ఉదయం జీపు బడి ముందు ఆగింది. సాహెబ్ అప్పుడే బల్ల మీద ఆనాటి మాట రాసి, చేతి సుద్ద దులుపుకుంటున్నాడు. జేబులో బదిలీ అర్జీ ఉంది.

"ఈ పొద్దు మాటేంది అయ్యవారూ? శానా పొడుగుండాదే."

"ఇండిస్పెన్సబుల్ అప్పా. అది ల్యాకుంటే పని జరగదు అనేదాన్ని అట్లంటారు. వాన ల్యాకుంటే శెనక్కాయ పంట రాదు గదా, అందుకని వాన ఇండిస్పెన్సబుల్ అని రాసినా."

నారపురెడ్డి బల్ల వంక చాలాసేపు చూశాడు. వాన మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదు, అది ఆ సీమకు వచ్చి పోయేదెప్పుడో.

"వానకేనా, మనిషికి గూడా వాడొచ్చా?"

"మనిషికీ వాడొచ్చప్పా."

"సమితికి ప్రెసిడెంటు ల్యాకుంటే జరుగుతాదా?"

జరుగుతుంది, నిక్షేపంగా జరుగుతుంది, ఇంకాస్త బాగా కూడా జరుగుతుంది అని సాహెబ్‌కు తెలుసు. కానీ జేబులో అర్జీ ఉంది. "ఎట్ల జరుగుతాదప్పా" అన్నాడు.

"రేపు గూడా ఆ మాటే ఉండనీ. వాడుక ఒగటి మార్చు. నీ అర్జీ సంగతి నేను జూసుకుంటా" అని రెడ్డి జీపెక్కాడు.

మరునాడు సాహెబ్ రాశాడు. 'మన సమితికి శ్రీ నారపురెడ్డిగారు ఇండిస్పెన్సబుల్.' ఎనిమిదేళ్ళలో ఆయన బల్ల మీద రాసిన మొదటి అబద్ధం అది. బర్రె గురించి, బస్సు గురించి రాసినవన్నీ నిజాలు. రాసిన తర్వాత పిల్లల వైపు తిరగడానికి ఆయనకు సిగ్గేసింది. అయినా జమ్మలమడుగు కళ్ళ ముందుంది, సిగ్గును మింగేశాడు.

ఇక్కడ కొత్తమేడిపల్లె మర్యాద ఒకటి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ కింద ఒక పెళ్ళిలో మొదటి తాంబూలం మీద వీధికి ఇచ్చారని కింద వీధివాళ్ళు లేచారు. ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు తప్ప అందరూ దెబ్బలు తిన్నారు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఏ మర్యాదైనా రెండు వీధుల పెద్దల ఇళ్ళకూ ఒకే క్షణంలో జరగాలి. రెండు పళ్ళేలు, రెండు చేతులు. మధ్యలో ఒక పెద్దమనిషి దగ్గుతాడు, ఆ దగ్గుకు రెండు తాంబూలాలూ కదలాలి. బడి ప్రారంభం నాడు రిబ్బను కూడా రెండు కత్తెర్లతో రెండు కొసల నుంచి కత్తిరించారు. నడిమి ముక్క ఎవరికి చెందాలో తేలక అది ఇప్పటికీ హెడ్మాస్టరు బీరువాలోనే ఉంది.

ఇంత తెలిసి కూడా సాహెబ్ ఆ మాట తాంబూలం అవుతుందని అనుకోలేదు. మాటను మాటగానే చూసే అలవాటు, పాపం. మధ్యాహ్నానికి కింద వీధి పిల్లలు పుస్తకాలు సర్దుకుని లేచిపోయారు. వాళ్ళు పోయిన దారినే కింద వీధి పెద్ద లింగారెడ్డి వచ్చాడు.

"నీకు మేమేం అన్యాయం జేసినాం సాయిబూ? తొలి తాంబూలం ఆ యింటికి ఇస్తివే."

"నేనిచ్చింది తాంబూలం గాదప్పా, ఒగ మాట."

"మాటంటే అంతకన్నా పెద్దది గదా. తాంబూలం నమిలి ఊంచేస్తారు, ఇది బల్ల మీద నిలబడి ఊరందరికీ కనబడుతాండాది."

సాహెబ్ బేరానికి దిగాడు. తన దగ్గర మంచి మంచి మాటలున్నాయన్నాడు. ఎమినెంట్ ఉంది, జెనరస్ ఉంది, నోబుల్ ఉంది, ఏది కావాలంటే అది రేపే రాస్తానన్నాడు. లింగారెడ్డి వాటి అర్థం కూడా అడగలేదు.

"ఆయప్పకిచ్చిందే నాకు గావాల. ల్యాకుంటే మా పిల్లోళ్ళు ఈ బడి మెట్లెక్కరు."

"అప్పా, ఈయన ల్యాకుంటే జరగదని రాసినాక, మళ్ళా మీరు ల్యాకుంటే జరగదని ఎట్ల రాసేది? వాడుక కుదరదు."

"ఎందుకు కుదరదు? నేను ల్యాకుంటే వాడు ఎవని మింద గెలుస్తాడు? ఎవన్ని జూసి రోషపడతాడు? నేను ల్యాకుంటే వాడు యాడుండాడు?"

ఆ మాటకు అంతకంటే సరైన వాడుక నిఘంటువు రాసినవాడికి కూడా తట్టి ఉండదు. కానీ ఒకే బల్ల మీద రెండు పేర్లు రాస్తే, పైన ఎవరు, కింద ఎవరు? పక్కపక్కన రాస్తే ఎడమ ఎవరు, కుడి ఎవరు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరి పెద్దలు కూర్చుని, ఎప్పటిలాగే, మర్యాద ప్రకారమే తీర్పు చెప్పారు. వడ్రంగి ఖాదర్ వచ్చి మొదటి బల్లను జానలతో, వేళ్ళతో కొలిచి, సరిగ్గా అంతే రెండో బల్ల చేశాడు. రెండూ ఒకే ఎత్తులో తగిలించారు. రెండో బల్ల మీద అదే మాట లింగారెడ్డి పేరుతో రాయడానికి డ్రిల్లు మాస్టరును నియమించారు. బడి గంట ఒక్క దెబ్బ కొట్టగానే ఇద్దరూ ఒకేసారి సుద్ద ఆనించాలి.

ఆ ఉదయం బడి ముందు ఊరు ఊరంతా నిలబడింది. గంట మోగింది. డ్రిల్లు మాస్టరుకు లెఫ్టు, రైటు తప్ప ఇంగ్లీషు తెలియదు. పక్క బల్ల చూసి ఒక్కో అక్షరమే దించుతున్నాడు, ఆయన ఒక అక్షరం దించేదాకా సాహెబ్ గాలిలో సుద్ద పట్టుకుని ఆగాడు. పదమూడు అక్షరాల మాట రాయడానికి పావుగంట పట్టింది. చివరి చుక్క ఇద్దరూ ఒకేసారి పెట్టినప్పుడు రెండు వీధుల జనమూ హమ్మయ్య అనుకున్నారు. ఒక ఇంగ్లీషు మాటను అంత శ్రద్ధగా నేర్చుకున్న ఊరు ఇంకొకటి ఉండదు.

ఆ తర్వాత ఆ మాట గడప దాటింది. మీద వీధి హోటలువాడు తన కాఫీ ఇండిస్పెన్సబుల్ అని బోర్డు రాయించాడు, కింద వీధివాడు తన దోసె ఇండిస్పెన్సబుల్ అన్నాడు. పెళ్ళి శుభలేఖల్లో మేనమామల పేర్ల పక్కన బిరుదుగా వేయించారు. ఇంట్లో అత్తను అడగకుండా కోడలు ఏదైనా చేస్తే, నేను ఇండిస్పెన్సబుల్ కాదా అని అత్త నిలదీసింది. నారపురెడ్డి సమితి మీటింగుల్లో కాలువనూ కంకరనూ గుమాస్తానూ అందరినీ అదే మాటతో పొగిడాడు. ఒక్కసారి కూడా తప్పు వాడలేదు. సాహెబ్‌కు లోపల భయమున్నా కొంచెం గర్వం కూడా కలిగింది. ఎనిమిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నది ఒక పెద్దమనిషికి ఎక్కిందని షరీఫాకు కూడా చెప్పాడు. కొరివితో తల గోక్కుంటున్నట్టు ఆయనకు తెలియలేదు.

ఒక శుక్రవారం నారపురెడ్డి కబురు పెట్టాడు. సమితి ఆఫీసులో గుమాస్తా ఆదినారాయణ లక్క కరిగించి కవరుకు ముద్ర వేస్తున్నాడు. రెడ్డి మొహం వెలిగిపోతోంది.

"నీ అర్జీ కడపకు పోతాండాది అయ్యవారూ. ఈ సమితిలో ఎవురికీ చేయని మర్యాద నీకు జేసినా. నా సొంత చేత్తో, ఇంగ్లీషులో రాసినా."

సాహెబ్ మేజా చుట్టూ తిరిగి దగ్గరికి పోయాడు. రెడ్డి చేతులు పట్టుకుని, "మీ మేలు మర్చిపోనప్పా" అన్నాడు. నిజంగానే మర్చిపోలేదు.

ఆ శనివారం పెన్నలో నీళ్ళు లేవు. బస్సు ఆగకుండా ఏరు దాటింది, అది కూడా శుభమే అనుకున్నాడు. కవరు సంగతి చెప్పగానే షరీఫా గదిలో మూల ఉన్న కట్టెలు తీసి బయట వేసి, ఆయన పెట్టెకూ పుస్తకాలకూ చోటు చేసింది. చోటు చేస్తూ చేస్తూ ముక్కు రెండుసార్లు కొంగుతో తుడుచుకుంది. మున్నీకి అప్పటికి పదేళ్ళు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"సోమవారం గూడా ఈడనే ఉంటావా అబ్బా?"

"ఉంటాను."

"మంగళవారం?"

అట్లా శుక్రవారం దాకా అడిగింది. అన్నింటికీ ఉంటానన్నాడు. శనివారం అడగలేదు, అది ఆమెకు తెలిసిన రోజే.

మూడు వారాలకు కడప నుంచి ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు ఇచ్చిన కాగితాన్ని సాహెబ్ వరండాలోనే చదివాడు. అర్జీదారు సేవలు ఈ పాఠశాలకు ఇండిస్పెన్సబుల్ అని సమితి ప్రెసిడెంటుగారు ధ్రువీకరించినందున, బదిలీ కోరికను పరిశీలించడానికి వీలు లేదు. అంతే. ఆయన మళ్ళీ చదివాడు. మూడోసారి చదివాక రెండు బల్లల కింద నేల మీద కూర్చుండిపోయాడు.

తేరుకుని నారపురెడ్డి ఇంటికి నడిచాడు. ఆయన కాగితం చూపించగానే రెడ్డి సంతోషంగా తీసుకుని, తన మాట అచ్చులో ఉన్న చోట వేలు పెట్టి చూశాడు.

"పడిందే. కడపోళ్ళు గూడా నా మాటే వాడినారు."

"అప్పా, ఆ మాట వల్లనే నన్ను వదల్లేదు. అభ్యంతరం ల్యాదని రాయమని గదా అడిగినా."

రెడ్డికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నిజంగానే నొచ్చుకున్నాడు.

"అభ్యంతరం ల్యాదని రాసేది పనికిమాలినోళ్ళకు సాయిబూ. పోతే పోనీ పీడ అన్నట్టు ఉండదా? నీ అట్లాంటోనికి అట్ల ఎట్ల రాసేది? నువ్వు నాకు బల్ల మింద ఏ మర్యాద జేసినావో అదే మర్యాద నీకు జేసినా. నేనొక్కన్నే రాసినానా? లింగారెడ్డి గూడా సంతకం పెట్నాడు. ఆదినారాయణ దగ్గినాడు, ఇద్దరం ఒగేసారి పెట్నాము. మా తాతల కాలం నుంచి మా రెండిళ్ళ సంతకాలు ఒగ కాగితం మింద పడింది ఇదే."

అదీ సంగతి. టైగర్ తర్వాత చినిగిపోయిన పుటల్లోని యూనిటీ ఆ ఊరికి అట్లా వచ్చింది, వచ్చి ఒకే ఒక్క మనిషి నెత్తిన కూర్చుంది. ఇక ఆ రెడ్డిని ఏమని తిట్టాలి? పగవాడైతే తిట్టవచ్చు. ఈయన శాలువా కప్పినట్టు కప్పి గొంతు నులిమాడు, కప్పినందుకు మెచ్చుకోమంటున్నాడు.

"మళ్ళా రాయండప్పా, వదిలిపెట్టమని."

"ఇద్దరం సంతకాలు పెట్టినాక తిరగరాసేదెట్ల? మళ్ళా వాడూ సంతకం పెట్టల్ల గదా. మొదట ఎవురు కొట్టేసినారు అనేది వస్తాది." రెడ్డి ఆలోచించి, "వచ్చే ఏడు జూస్తాంలే. నువ్వు ల్యాకపోతే ఆ బడి యాడ నడుస్తాది" అన్నాడు.

గదికి వచ్చి సాహెబ్ ఉత్తర్వు నకలును రాతబల్ల మీద పరిచి, ఎర్రసిరా కలం తీశాడు. రెడ్డి వాక్యంలో తప్పు కోసం వెతికాడు. ఒక్క తప్పు దొరికినా దాన్ని పట్టుకుని కడపకు రాయవచ్చని పిచ్చి ఆశ. అక్షరం తప్పు లేదు. వాడుకలో తప్పు లేదు. పరీక్ష పేపరైతే పదికి పది వేసి పంపాల్సిన వాక్యం. ఆయన కలం మూసేశాడు. తన పాఠం ఇంత బాగా వచ్చినందుకు మొదటిసారి తనను తాను అసహ్యించుకున్నాడు.

ఆ ఆదివారం షరీఫాకు ఎట్లాగూ చెప్పాలి. చెప్పాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ మాటకు అర్థమేమిటని అడిగింది. ఆయనకు వేరే దారి తెలియదు కాబట్టి, పిల్లలకు చెప్పినట్టే మాట పలికి, అర్థం చెప్పి, వాడుక కూడా చెప్పాడు. నేను లేకపోతే ఆ బడి జరగదని రాశారు, అన్నాడు.

షరీఫా గది మూల వైపు చూసింది. ఆమె చేసిన చోటు ఖాళీగానే ఉంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. ఆమె అన్నదానికి తెలుగులో అర్థం ఇది: "మీరు లేకపోతే జరగనిది ఆ బడి. మీరు లేకుండానే జరిగిపోతున్నది ఈ ఇల్లు. దీనికి ఇంగ్లీషులో ఏం మాట ఉంది?"

ఆ మాట సాహెబ్‌కు తెలుసు. రెడ్డి రాసిన మాటకు ముందున్న 'ఇన్' తీసేస్తే మిగిలేదే; అది 'డి' అక్షరంలో ఉంది, పకోడీలవాడు చించని పుటలోనే ఉంది. ఆయన చెప్పలేదు. షరీఫా లేచి బయట వేసిన కట్టెలు తెచ్చి మూలన పేర్చింది. మున్నీ వాకిట్లో నిలబడి తల్లి కట్టెలు మోయడం చూసింది. చూసి, సోమవారం గురించి ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

వచ్చే ఏడు అన్నది ఏడేళ్ళు వచ్చింది. జమ్మలమడుగు ఖాళీలో మైదుకూరు మనిషి ఎవరో చేరి స్థిరపడ్డాడు. సాహెబ్ అర్జీ పెట్టడం మానలేదు, నారపురెడ్డి మర్యాద చేయడం మానలేదు. చివరికి గుమాస్తా ఆదినారాయణ చేయి నొప్పి పుట్టి, ప్రొద్దుటూరులో ఆ మాటతో ఒక రబ్బరు స్టాంపు చేయించాడు. ఎవరు బదిలీ అడిగినా, సెలవడిగినా అది గుద్దేవాడు. ఒకసారి చచ్చిపోయిన అటెండరు కుటుంబం పెట్టుకున్న అర్జీ మీద కూడా గుద్దాడు. ఆ చచ్చినవాడు లేకపోతే సమితి జరగదని రికార్డులో ఇంకా ఉండే ఉంటుంది. బల్లల మీద మాత్రం సాహెబ్ మళ్ళీ మనిషి పేరు రాయలేదు. బర్రెకూ బస్సుకూ తిరిగి వచ్చాడు.

అరవై ఎనిమిదిలో రిటైరయ్యాడు. సభలో రెండు దండలు, ఒక దగ్గు. నారపురెడ్డీ లింగారెడ్డీ ఒకేసారి మెడలో వేశారు కాబట్టి దండలు చిక్కుపడి, విడదీయడానికి కొంతసేపు పట్టింది. ఇద్దరూ ఆయన లేకపోతే ఈ బడి లేదన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కొత్త ఇంగ్లీషు అయ్యవారు అప్పటికే రెండు రోజుల కింద వచ్చి చేరి, వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. అతని నిఘంటువులో జెడ్ దాకా ఉంది.

సామాను సర్దుకుని సోమవారం ఉదయం బస్సెక్కాడు. బస్సు బడి ముందు నుంచి పోతుండగా గంట మోగింది. సాహెబ్ గడియారం చూసుకున్నాడు. సరిగ్గా పది. ఒక్క నిమిషం కూడా తేడా లేదు. వరండాలో కొత్తాయన ఒక బల్ల మీదా, డ్రిల్లు మాస్టరు రెండో బల్ల మీదా ఏదో మాట రాస్తున్నారు. ఏం మాటో కనబడేలోపు బస్సు మలుపు తిరిగింది.

జమ్మలమడుగు చేరేసరికి ఇంట్లో ఎవరూ లేరు. మున్నీకి పెళ్ళయి ప్రొద్దుటూరులో ఉంది, షరీఫా ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది. తాళంచెవి పక్కింటి గుల్జార్‌బీ ఇచ్చింది, సోమవారం నాడు ఆయన్ను చూసి ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. లేదని చెప్పి లోపలికి పోయాడు. షరీఫా వచ్చేసరికి టీ కాచి పెడదామనుకున్నాడు. పొయ్యి కనబడింది, గిన్నె కనబడింది, చక్కెర డబ్బా కూడా దొరికింది. అగ్గిపెట్టె దొరకలేదు. గూళ్ళన్నీ వెతికాడు, డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు. పొరుగింటికి పోయి అడగడానికి మనసు రాలేదు. ఇన్నేళ్ళ సొంత ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో తెలియదని ఏ మొహంతో చెప్పేది?

సాయంత్రం షరీఫా వచ్చేదాకా ఆయన పొయ్యి ముందు పీట మీదే కూర్చున్నాడు. ఆమె చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తెరిచి ఉన్న డబ్బాలను చూసింది. ఉప్పు జాడీ వెనక చేయి పెట్టి, అగ్గిపెట్టె తీసి ఆయన చేతికిచ్చింది.